అవతలి లావణ్య పేపరు

పన్నెండేళ్లుగా మోస్తున్నాను. మోస్తున్నది ఒక్క జవాబు పత్రమే, అయినా భుజం దిగలేదు. నా తెలివితక్కువతనం ముందే ఒప్పుకుంటాను: దిల్‌సుఖ్‌నగర్‌ కోచింగ్ సెంటర్లో వందలమందికి లెక్కలు చెప్పిన నేను, ఇద్దరు లావణ్యల ఇంటిపేర్లు సరిగా చూసుకోలేకపోయాను.

ఆ ఆదివారం తల్లిదండ్రుల మీటింగు. పిల్లల్ని పక్కన నిలబెట్టి, అందరి ముందూ మార్కులు చదవడం మా ఆచారం. ఆ ఇద్దరిలో ఒక లావణ్య తండ్రి పోచంపల్లిలో మగ్గం వదిలి వచ్చి, ఇక్కడ చీరల షాపులో పనిచేసేవాడు.

"మా పాప లెక్కలల్ల ఎట్లుంది సార్?"

"నూటికి పదకొండు. ఈ పిల్ల బుర్రకు లెక్కలు ఎక్కవండీ. ఇంకేదైనా చదివించుకోండి."

"జర మల్ల సూడుండ్రి సార్. ఇంట్ల మంచిగనే చేస్తది."

"ఇంట్లో అందరూ మేధావులేనండీ."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నా చమత్కారం నాకూ నచ్చింది. ఇప్పటికీ నన్ను మండించేది అదే. లావణ్య తన చెప్పుల వంక చూసుకుంది.

సాయంత్రం పేపర్లు కట్ట కడుతుంటే తెలిసింది. పదకొండు అవతలి లావణ్యవి. ఈ పిల్లకు వచ్చింది ఎనభై ఆరు. డైరెక్టర్‌కు చెప్పాను.

"లిస్టు గోడకెక్కింది మాస్టారూ. దించితే మన పరువు దిగుతుంది" అన్నాడు.

ఆయన ఆపాడా, నేను ఆగానా? లావణ్య ఇంటి నంబరు రిజిస్టర్లోనే ఉంది. ఫోను నా చేతిలోనే ఉంది. సోమవారం ఆమె రాలేదు. మళ్లీ ఎప్పుడూ రాలేదు.

మొన్న ఎల్బీ నగర్‌లో ఒక చీరల షాపులో కనిపించింది. గళ్ల కాగితం మీద డిజైను గీసి, రంగు అంటకుండా ఎన్నో పోగు దగ్గర ముడి వేయాలో నేతగాడికి ఫోన్లో గుక్కతిప్పుకోకుండా చెబుతోంది. కాగితం కూడా చూడటం లేదు.

"ఎంత బాగా లెక్క కడుతున్నావమ్మా" అన్నాను.

"నాకు లెక్కలు రావు సార్. మీరే చెప్పిన్రు గదా."

కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే బతికిపోయేవాణ్ణి. అక్కడే నిలబడి అంతా చెప్పాను. గళ్ల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది.

"మా బాపు ఉన్నప్పుడు చెప్తే మంచిగుండు సార్" అని, లోపలికి వెళ్లిపోయింది.

నిన్న మళ్లీ మీటింగు. అదే డైరెక్టరు, అదే ఆచారం. చదవమని మార్కుల లిస్టు నా చేతికిచ్చాడు. నేను దాన్ని మడిచి, లావణ్య సంగతి చదివాను. నా వెటకారంతో, ఆయన పరువు మాటతో సహా. మధ్యలో మైకు ఆపించాడు. వెనక బెంచీ దాకా వినిపించే గొంతు నాది. మిగతాది మైకు లేకుండానే చెప్పాను.