చేప పథ్యం

గొప్పలు చెప్పుకోవడం మా ఇంటావంటా లేదు. ఈ ఒక్క సంగతిలో మాత్రం చెప్పుకుంటాను, ఎవరేమనుకున్నా సరే.

పధ్నాలుగేళ్ళప్పుడు ఉబ్బసంతో రొప్పుతూ మద్రాసు జార్జి టౌన్‌లో ఒక వైద్యులుగారి ఇంటి మెట్లెక్కాను. మా తెలుగువాళ్ళే, పెద్దాయన. కింద మందుల గది, మేడ మీద చాపలు పరిచి ఆసనాలు నేర్పేవారు. ఏడాది తిరిగేసరికి ఆయాసం పోయింది, నేను మాత్రం పోలేదు. పురసవాక్కం నుంచి రోజూ బస్సెక్కి వచ్చి, కల్వంలో మందులు నూరుతూ, శ్లోకాలు బట్టీపడుతూ ఆరేళ్ళు గడిపాను. పెళ్ళీడు పిల్లకి ఈ ఆకులూ వేర్లూ ఏమిటని బంధువులు బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకోనీ అనుకున్నాను.

పంతొమ్మిది వందల యాభైల నడుమ ఒకరోజు రాయపురం నుంచి చేపలమ్మే ఒకామె వచ్చింది. ఆమెదీ తెలుగే. మొగుడు సముద్రంలో పోయాక ముగ్గురు పిల్లల్ని ఆ చేపల బుట్టే సాకుతోంది. ఇప్పుడు కుడి భుజం బిగుసుకుపోయి చెయ్యి చెవిదాకా కూడా లేవడం లేదు. బుట్ట నెత్తికెత్తమని రోజూ ఎవరినో ఒకరిని బతిమాలుకోవాలి. మగవాళ్ళకి భుజం చూపించనని ఆమె మొండికేస్తే, వైద్యులుగారు నన్ను పిలిచి "నువ్వు చూడు" అన్నారు. ఆ రెండు మాటల కోసమే ఆరేళ్ళు కాచుకున్నాను.

చూశాను. కషాయం సీసాలో పోసిచ్చాను, తైలం ఇచ్చాను. తర్వాత పథ్యం. వంకాయ వద్దు, గోంగూర వద్దు, చింతపండు వద్దు, చేప వద్దు. ఎక్కం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేశాను. ఆమె బుద్ధిగా తలూపింది.

రెండు వారాలైనా చెయ్యి అంగుళం లేవలేదు. రోషమొచ్చి నేనే రాయపురం వెళ్ళాను. గుడిసె మూల కషాయం సీసా ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది.

"తాగలేదా అక్కా?"

"ఎట్టా తాగేది పాపా? పథ్యం పట్టకుండా తాగితే మందు తిరగబడతాదని మా అమ్మ చెప్పేది. అమ్మంగా మిగిలిన చేపే కదా ఈడ మాకు కూర. అందుకే సుమ్మా, ఊరికే అట్టా దాచిపెట్టినా."

సిగ్గుతో నా మొహం కందిపోయింది. చేపల బుట్ట మోసే మనిషిని చేప మానమన్న తెలివితేటలు నావి! మందంటే నాకంటే ఆమెకే ఎక్కువ భక్తి. "చేప తిను. ఎండుచేప ఒక్కటి మాను, పులుపు తగ్గించు. కషాయం మాత్రం రెండు పూటలా తాగు" అన్నాను అక్కడికక్కడే.

వైద్యులుగారికి చెబితే భగ్గుమన్నారు. "శాస్త్రం చెప్పిన పథ్యం మార్చడానికి నువ్వెవరివి?"

"తాగని మందుకు పథ్యమెందుకండీ?" అనేశాను. నా నోరు ఊరుకోదు.

ఆయన షరతు పెట్టారు. "ఒక మండలం. నలభై ఎనిమిది రోజులు. ఈలోగా ఆ చెయ్యి లేవకపోతే మళ్ళీ నా గడప తొక్కొద్దు."

రోజూ ఆమె అమ్మకం ముగించి ఇల్లు చేరే వేళకు రాయపురంలో ఉండేదాన్ని. తైలం రాసి, వేయించిన ఇసుక మూటతో కాపడం పెట్టి, గోడకెదురుగా నిలబెట్టేదాన్ని. ఊపిరి పీలుస్తూ వేళ్ళను గోడమీద పైకి పాకించాలి, వదులుతూ దించాలి. ఎక్కడిదాకా అందితే అక్కడ బొగ్గుతో గీత గీసేదాన్ని. "ఏందమ్మే, గోడెక్కి ఏడికి పోతావు?" అని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఒకటే నవ్వు. ఇరవై రోజులు గీత కదల్లేదు. నా ఆరేళ్ళ చదువు ఆ భుజం దగ్గరే ఆగిపోతుందని నిజంగానే భయపడ్డాను. ఆ తర్వాత గీత మెల్లగా పైకి జరగడం మొదలుపెట్టింది.

మండలం నిండడానికి మూడు రోజులుందనగా వైద్యులుగారి వీధిలో కేక వినిపించింది. "డాక్టరమ్మా, ఇట్టా రా!"

పరిగెత్తాను. వైద్యులుగారు కూడా కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. ఆమె బుట్టను ఎదురింటి గోడవార దించింది. పక్క కొట్లో మూటలు మోసే అతను ఎత్తిపెడదామని వంగితే, "తప్పుకోన్నా, నేనే ఎత్తుకుంటా" అని రెండు చేతులా ఎత్తి తానే నెత్తిన పెట్టుకుంది. అందులో ఉన్నది సగం బుట్ట చేపలే. అయినా గర్వంతో నాకు ఏడుపొచ్చింది.

"ఏం తింటున్నావమ్మా?" అని వైద్యులుగారు ఆమెను అడిగారు.

"చేపే సామీ. డాక్టరమ్మ తినమనింది."

ఆయన లోపలికి తిరిగారు. రెండడుగులు వేసి ఆగి, నావైపు చూడకుండానే అన్నారు.

"ఇకమీదట రాయపురం నుంచి ఎవరొచ్చినా పథ్యం నువ్వే చెప్పు. నేను చెబితే వాళ్ళు మందు తాగరు."