బస్సు చెయ్యి, నా నోరు

రండమ్మా, ఆ గడపలో ఎందుకు, ఇట్లా నా పక్కకు జరిగి కూర్చోండి. ఆ రోజుల్లో బస్సులకు ఇప్పటిలా మిణుకుమిణుకుమనే లైట్లు లేవు. మా డోన్ నుంచి కర్నూలుకు పోయే బస్సుకు రెండు పక్కలా ఎర్రరంగు పూసిన రేకు చేతులుండేవి. డ్రైవరు మీట లాగితే ఆ పక్క చెయ్యి పైకి లేచి, ఇటు తిరుగుతున్నామని చెప్పేది. మీట మళ్లీ వెనక్కి వేస్తేనే దిగేది. మరిచిపోతే ఊళ్లు దాటినా అట్లాగే చాచుకుని పోయేది (పెండ్లిలో తాంబూలం కోసం చాచినట్టు). ఆ బస్సు తోలేది మా ఆయన. మరుపులో ఆయన తర్వాతే ఎవరైనా. అప్పటికే ఒక చెయ్యి సంత గోడకు తగిలి విరిగింది. బస్సు యజమాని పిలిచి, ఇంకొకటి విరిగితే పోయి ఎద్దులు తోలుకోమన్నాడట, వాటికి చేతులుండవు కదా అని.

మా ఆయన నాకు సొంత మేనత్త కొడుకు. చిన్నప్పుడు 'రేయ్ నల్లోడా' అని పిలిచి, గోలీలు గుంజుకుని పరుగెత్తినదాన్ని. మెడలో తాళి పడిన పూటే మా అమ్మ నా నోటికి తాళం వేసింది. మొగుణ్ణి పేరు పెట్టి పిలిస్తే ఆయుస్సు తగ్గుతుందట, ముద్దుపేరైనా సరే. ఇక పిలవాలంటే గాజులు గలగలమనిపించడం, లేదంటే దగ్గడం (నేను దగ్గితే మామ పలికేవాడు, ఈయన పలికేవాడు, పాల కోసం కాచుకున్న పిల్లి కూడా వచ్చేది).

పెండ్లయిన కొత్తలో ఒకరోజు, కర్నూలులో కాన్పయిన ఆడబిడ్డను చూడటానికి అత్తా నేనూ ఆ బస్సే ఎక్కాం. ఆడవాళ్ల సీటు ముందర, ఎడమపక్క. వెల్దుర్తిలో జనాన్ని ఎక్కించుకోవడానికి బస్సు ఎడమకు తిరిగినప్పుడు లేచిన చెయ్యి, ఊరు దాటినా దిగలేదు. గాజులు కదిలించాను. ఇంజను రొదలో నాకే వినపడలేదు. దగ్గాను. వెనకనుంచి ఎవరో సొంఠి నమలమన్నారు. ఆ చాచిన చెయ్యి చూసి బస్సు నిలబడుతుందనుకుని కొర్రచేలోంచి ఇద్దరు మూటలతో పరుగెత్తుకొచ్చి, దుమ్ము మింగి, మమ్మల్ని తిట్టి వెనక్కి పోయారు. చివరికి అత్త చెవిలో చెప్పాను, చెయ్యి దించమని కొడుక్కు చెప్పమని.

"నా కొడుక్కు బండి తోలేది నువ్వు నేర్పిస్తావా? గమ్మునుండు," అంది అత్త.

అంతలో ముందర బేతంచెర్ల బండలు నింపుకున్న ఎద్దులబండి కనపడింది. బండలు పక్కకు పొడుచుకుని ఉన్నాయి. మా ఆయన కుడిపక్కగా దాటబోయాడు. ఎడమ చెయ్యి సరిగ్గా ఆ బండల ఎత్తుకే ఉంది. ఆయన ఉద్యోగం పోవడానికి ఇంక మూరెడు దూరమే ఉంది. అప్పుడు నా నోటి తాళం దానంతటదే ఊడింది.

"రేయ్ నల్లోడా, ఎడమచెయ్యి దించురా!"

మీట టక్కుమంది. చెయ్యి దిగింది. బండలు రేకును రాసుకున్నట్టే రాసుకుని వెనక్కి పోయాయి. అత్త కొంగు తల మీదుగా ముక్కుదాకా లాక్కుంది. వెనకనుంచి ఒక ముసలాయన, "ఏమప్పా డ్రైవరూ, శానా దినాలుగా నీ బస్సెక్కుతాండా, నీ పేరు ఈ పొద్దు తెలిసింది," అన్నాడు. ఇంక నవ్వులు ఆగలేదు.

కర్నూలులో దిగాక నేను తల ఎత్తలేదు. ఆయనే తల్లి దగ్గరికొచ్చాడు. "అమ్మా, పేరు పలికితే ఆయుస్సు తగ్గుతాదంటారే. ఈ పొద్దు మన ఇంట్లో అన్నం ఉండాదంటే అది పలికినందుకే," అన్నాడు.

అత్త ఆసుపత్రి గేటుదాకా విసవిసా నడిచింది. అక్కడ ఆగి, కొంగు సర్దుకుని, తీర్పు చెప్పింది.

"సరేలేమ్మా. బస్సులో అయితే పిలుచుకో. ఇంటికాడ మాత్రం వద్దు."

ఆ మాట మీదే కాపురమంతా నడిచింది. ఆ తర్వాత బస్సుకు ఏ చెయ్యీ విరగలేదు. నాకు మాత్రం కర్నూలులో పనులు ఎక్కువయ్యాయి. ఉప్పు నిండుకుందనీ, ఆడబిడ్డ కలలోకొచ్చిందనీ ఏదో ఒక వంక. నోరారా ఆ పిలుపు పిలవాలని, ఒంటిమీద దుమ్మంతా పోసుకుని అంత దూరం పోయొచ్చిన ఆ పిచ్చిపిల్లను తలచుకుంటే ఇప్పుడు నాకే ముద్దొస్తుంది.

మీ ఇంటినుంచి బయల్దేరినవాళ్లందరూ దీపాలవేళకు చల్లగా ఇల్లు చేరాలమ్మా. మీ ఇంట్లో పిలిచే నోరూ పలికే నోరూ నిండు నూరేళ్లు ఉండాలి.