తొంభై తొమ్మిదో నంబరు ఛానెల్

మా నాయినకు కుడి చెయ్యి, కుడి కాలు, మాట ఒకే రోజు పోయాయి. ముందు రోజు దాకా ఆయన కొత్తపేట పండ్ల మార్కెట్‌లో ఒక కమీషన్ దుకాణం తరఫున వేలం వేసేవాడు. బత్తాయి రాశి పక్కన నిలబడి ఆయన గొంతెత్తితే మూడు దుకాణాల అవతల బేరమాడుతున్న వాళ్లు కూడా తల తిప్పేవారు.

దవాఖానలో చెప్పినవి నా నోటుపుస్తకంలో మూడు అంశాలుగా రాసుకున్నాను. ఒకటి, మాట తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. రెండు, మనం అనేదంతా ఆయనకు అర్థమవుతుంది. మూడు, మనుషుల మాటలు చెవిన పడుతూ ఉండాలి, ఒంటరిగా గోడ చూస్తూ పడుకోనివ్వకూడదు.

మూడోదే మా ఇంట్లో కుదరలేదు. ఎల్‌బీ నగర్ చౌరస్తా వెనక కాలనీలో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. అమ్మ తెల్లారగట్లే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్‌కు వంట చేయడానికి పోయి మధ్యాహ్నం రెండింటికి వచ్చేది. నేను ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్ పూర్తిచేసి, ఆదివారం కూడా పొద్దున్నే అక్కడే కోచింగ్‌కు పోయేవాణ్ణి. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఆ రోజుల్లో నోటిఫికేషన్లు రావు, వచ్చినా పరీక్షలు జరగవు. అయినా పోయేవాణ్ణి. అప్పటిదాకా నాయినకు తోడు టీవీ ఒక్కటే. అమ్మ పోయేటప్పుడు టీవీ పెట్టి, రిమోట్ ఆయన ఎడమ చేతి కింద ఉంచేది.

ఆ ఒక్క తోడైనా సరిగా ఉండేలా చూడటం నా బాధ్యత అనుకున్నాను. నేను చదివిన చదువుకు ఇంట్లో అక్కరకొచ్చే పని అదొక్కటే కనిపించింది.

అప్పటికి మాది కేబుల్. గాలి వీస్తే బొమ్మ వణికేది. కేబులాయన గదిలో కరెంటు పోతే మా ఇంట్లో కరెంటు ఉన్నా టీవీ పోయేది. బంద్ రోజున సగం ఛానెళ్లు కనిపించేవి కావు. డిష్ పెట్టిద్దామని నిర్ణయించి ఆరు కంపెనీలకు ఒక పట్టిక గీశాను. పదకొండు గళ్లు. తెలుగు వార్తా ఛానెళ్లు ఎన్ని, డిష్ ఏ దిక్కుకు ఎంత కోణంలో నిలబడాలి, బాక్సు చెడిపోతే ఎన్ని రోజుల్లో మారుస్తారు, ఫోను చేస్తే తెలుగులో మాట్లాడే మనిషి దొరకడానికి ఎన్ని నిమిషాలు, ఇట్లా. వానలో బొమ్మ ఎంతసేపు పోతుందన్న గడి కోసం మబ్బు పట్టినప్పుడల్లా అల్మాస్‌గూడలో డిష్ ఉన్న మా చిన్నమ్మ ఇంటికి పోయి, ఆమె టీవీ ముందు గడియారం పట్టుకుని కూర్చున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో డిష్‌లు అమ్మే దుకాణాయన నా కాగితం చూసి, "తమ్మీ, పిల్లను సూడనీకి పోయినోళ్లు గూడ గిన్ని అడగరు" అన్నాడు.

మూడు వారాలు పట్టింది. పోలిక కోసం పట్టిక అడుగున కేబుల్‌కు కూడా ఒక వరస ఇచ్చాను. అందులో ఇలా రాశాను: "99వ నంబరు, కేబులాయన సొంత ఛానెల్. చీరల దుకాణాల ప్రకటనలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, కాలనీ వినాయకుడి ఊరేగింపు. విలువ సున్నా."

ఇంటి ఓనరు పైఅంతస్తులో ఉండేవాడు. బందరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ ఉద్యోగి. డాబా మీద డిష్ పెట్టుకుంటామని అడగడానికి పోయాను.

"స్లాబుకి చిల్లులు పెడతావేంటి బాబూ? వానాకాలమంతా నీళ్లు మా మంచం మీదే పడతాయి."

"చిల్లు పెట్టం అంకుల్. పాత లారీ టైర్ల సిమెంటు పోసి, దాంట్ల పైపు నిలబెడ్త."

"టైరా? రేపు బంద్ అని మీవాళ్లొచ్చి తగలబెట్టడానికి పట్టుకుపోరు కదా?"

"సిమెంటు పోసినంక కాలదు అంకుల్."

ఆయన నవ్వి డాబా తాళంచెవి ఇచ్చాడు.

కేబుల్ విప్పడానికి కేబులాయనే వచ్చాడు. కాలనీ అంతా ఆయనను అన్నా అనే పిలుస్తుంది. వైరు మోచేతికి చుట్టుకుంటూ లోపలి గదిలోకి తొంగిచూశాడు.

"డిష్ మంచిదే తమ్మీ. మీ నాయిన్ని అడిగినవా?"

"ఆయన ఎట్ల చెప్తడన్నా?"

"నోరు పోయింది గని, తలకాయ పోలే గద."

గిరాకీ పోతున్న బాధతో అంటున్నాడనుకున్నాను. ఆయన నా చేతిలో కాగితాలు ఒకసారి చూసి, వైరు చుట్ట భుజాన వేసుకుని పోయాడు.

డిష్ బిగించిన రోజు సిగ్నల్ బలం ఎనభై నాలుగు, నాణ్యత తొంభై ఒకటి వచ్చింది. బొమ్మ అద్దంలో చూసినట్టు ఉంది. చాలా నెలల తర్వాత ఒక పని పూర్తి చేశానన్న తృప్తి కలిగింది.

మర్నాడు బంద్. నేను ఇంట్లోనే ఉన్నాను. పదకొండింటికి నాయిన ఎడమ బొటనవేలితో రిమోట్ మీద తొమ్మిది, మళ్లీ తొమ్మిది నొక్కాడు. ఈ నంబరుతో ఛానెల్ లేదని తెర మీద వచ్చింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే వచ్చింది. నా వైపు చూశాడు. నేను వార్తల ఛానెల్ పెట్టి, "గిది సూడు నాయిన, ఎంత సాఫ్‌గ ఒస్తుందో" అన్నాను. నోటుపుస్తకంలో, "ఎడమ బొటనవేలు బాగా పనిచేస్తోంది. పాత నంబరు అలవాటు పోవాలి" అని రాశాను.

అలవాటు పోవడానికి ఛానెళ్ల కొత్త నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి మంచం పక్కన గోడకు అంటించాను. నేను ఇంట్లో ఉన్న ప్రతి రోజూ పదకొండింటికి అదే జరిగేది. ఒకసారి రిమోట్‌ను మంచం పట్టెకు కొట్టి పగలగొట్టాడు. అమ్మ ముక్కలు ఏరుతూ, "ఏం కావాలెనో ఏమో, మనకు సమజైతలేదు బిడ్డా" అంది. నేను కొత్త రిమోట్ తెచ్చాను. మూడో నెలకు ఆయన దాన్ని ముట్టుకోవడం మానేసి, గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు.

ఒక ఆదివారం మెట్ల మీద ఓనరు ఎదురయ్యాడు.

"ఏంటి బాబూ, మీ నాన్నగారి కుర్చీ వేలం ఈ మధ్య వేయట్లేదు?"

"కుర్చీ ఏంది అంకుల్?"

"అదేనయ్యా, ఆమధ్య మీవాళ్లు రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటలు చేశారే, ఆ రోజు మీ నాన్నగారు ఖాళీ కుర్చీ ఒకటి పైకెత్తి వేలం వేశారు. కేబులోడు అది వీడియో తీసి రోజూ పదకొండింటికి తన ఛానెల్లో వేసేవాడు. మధ్యలో మావాళ్లనీ తిట్టారనుకో. అయినా ఏం గొంతయ్యా అది! మా ఆవిడ పొయ్యి మీద కూర మాడిపోతున్నా కదిలేది కాదు."

వంటావార్పు రోజు నాకు తెలుసు. నాయిన పోయాడనీ తెలుసు. నేను కోచింగ్ గదిలో కూర్చుని పాత ప్రశ్నపత్రాలు చేశాను.

అక్కడి నుంచి అట్లే కేబులాయన గదికి నడిచాను. మందుల దుకాణం పైన రేకుల గది. నేను అడగగానే ఆయన లేచి నిలబడి, పక్కనున్న స్టూలు ఎత్తి మా నాయినలాగా వేలం వేసి చూపించాడు.

"మంత్రి కుర్చీ! నాలుగు కాళ్లు మజ్బూతుగున్నయ్, కూసున్నోనికే ఎన్నుపూస లేదు! పాట చెప్పుర్రి! గిట్ల అన్నడు తమ్మీ. జనం కిందమీద పడి నవ్విన్రు."

"రోజూ ఎందుకు ఏసినవన్నా?"

ఆయన స్టూలు దించాడు. "నెల పైసలకని మీ ఇంటికొచ్చిన. మీ నాయిన ఒక్కడే ఉన్నడు. గప్పుడే టీవీల గా కుర్చీ వేలం నడుస్తుంది. దాని తోని పాటు పెదవులు కదుపుతుండు. సప్పుడు రాలే గని, ఒక్క మాట తప్పకుంట కదుపుతుండు. నన్ను సూసి, ఇంకోసారి ఎయ్యమన్నట్టు ఏలు చూపిచ్చిండు. ఇగ గాయన కోసమే రోజూ పదకొండుకు ఏసుకుంట ఒచ్చిన. మీ కనెక్షన్ తీసినంక బంద్ పెట్టిన. ఇంక ఎవ్వరికని ఎయ్యాలె?"

"నాకొక్క మాట చెప్పకపోతివి."

"కన్న కొడుకువు. నీకు ఎర్క లేదని నేనెట్ల అనుకుంట?"

వీడియో ఉందా అని అడిగాను. కేబుల్‌కు కూడా ప్రతి ఇంట్లో బాక్సు ఉండాలన్న నిబంధన వస్తోందని, ఖర్చు తట్టుకోలేక సొంత ఛానెల్ మూసేశానని, కంప్యూటర్ తుడిచి అమ్మేశానని చెప్పాడు. కెమెరా క్యాసెట్ మాత్రం ఉండాలన్నాడు. ఇద్దరం అట్టపెట్టెలన్నీ కిందికి దించి వెతికాం. దొరికింది. దాని మీద ఎవరిదో పెళ్లి ఎక్కించి ఉంది. చివరిదాకా చూద్దామన్నాను. తలంబ్రాలు, భోజనాలు, అప్పగింతలు అన్నీ చూశాం. పెళ్లి అయిపోయాక తెర కాసేపు నీలంగా మారి, పాత వీడియో తోక ఒకటి వచ్చింది. పదకొండు సెకన్లు. పొగ, అన్నం గుండిగ, మనుషుల కాళ్లు, ఒక మూలన కుర్చీ కాలు. నాయిన అప్పుడే ఏదో అన్నట్టున్నాడు, అందరూ నవ్వుతున్నారు. ఆ నవ్వు ఒక్కటే ఉంది. ఆరుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. ఆయన గొంతు లేదు. మా ఇంట్లో ఉన్న ఫోన్లలో కూడా ఎక్కడా లేదు. దాన్ని దాచుకోవాలని మాకెవరికీ ఎప్పుడూ తోచలేదు.

ఆ సాయంత్రం మంచం పక్కన కూర్చుని జరిగిందంతా నాయినకు వరసగా చెప్పాను. నేను రాసిన సున్నా గురించి కూడా చెప్పాను. ఆయన కళ్లార్పకుండా విన్నాడు. "అన్నను బతిమాలి మళ్ల తెప్పిస్తుంటి నాయినా, గని అది లేదు" అన్నాను. ఆయన పెదవులు ఒకసారి విడివడ్డాయి. ఏ ఆకారమూ రాకుండానే మూసుకున్నాయి. క్యాసెట్‌లో మిగిలిన ఆ పదకొండు సెకన్లు తెచ్చి చూపించడానికి నాకు ధైర్యం చాలలేదు.

రాష్ట్రం ఇస్తామన్న ప్రకటన వచ్చిన రోజు పటాకుల మోతకు మా కిటికీ రెక్కలు అదిరాయి. నేను తలగడలు పెట్టి నాయినను కూర్చోబెట్టాను. ఎనిమిది వార్తా ఛానెళ్లలోనూ అదే వార్త, ఎక్కడా చిన్న మచ్చ లేకుండా వస్తోంది. అమ్మ ఏడుస్తూ ఆయన నోట్లో చక్కెర పోసింది. ఆయన ఎడమ చేత్తో మంచమంతా తడిమి రిమోట్ తీసుకున్నాడు. తొమ్మిది నొక్కాడు. ఇంకోసారి తొమ్మిది నొక్కాడు. ఈ నంబరుతో ఛానెల్ లేదని వచ్చింది. అది పోయేదాకా చూసి, మళ్లీ నొక్కాడు.