హాయి అన్న మాట

ఆడవాళ్ల వార్డులో ఆయాగా పనిచేసే ఆమెను రోగులూ నర్సులూ అందరూ పెద్దమ్మ అనేవారు. రోజూ పొద్దున్నే తుడుపు బక్కెట్టు గుమ్మం దగ్గర పెట్టి, మొదటి మంచం నుంచి చివరి మంచం దాకా తిరిగి, ఎలా ఉందమ్మా అని అడిగేది. అడుగుతూనే తలగడ తిప్పి, చల్లగా ఉన్న వైపు తల కిందికి వచ్చేలా సర్దేది. చెవి మాత్రం జవాబు మీదే.

నొప్పి చంపుతోందంటే ఆమెకు భయం లేదు. తిట్టే ఓపిక ఉందంటే బతికే ఓపిక ఉన్నట్టే అనేది. పరవాలేదన్నా, కులాసా అన్నా సరే. కానీ రాత్రంతా మెలికలు తిరిగిన మనిషి ఉన్నట్టుండి "హాయిగా ఉంది" అంటే, బక్కెట్టు అక్కడే వదిలి నర్సు దగ్గరికి పరుగెత్తేది. చెప్పకుండా వెళ్లిన నొప్పి చెప్పకుండా జారుకున్న చుట్టం లాంటిదట. ఇంట్లోంచి ఏదో పట్టుకుపోయే ఉంటుందట. ఆ నమ్మకం చాలాసార్లు నిజమైంది. తప్పినప్పుడు, తప్పించినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకునేది.

ఇంట్లోనూ ఆ మాట పనికిరాదు. భర్త దర్జీ. అన్నం తిని, నోటిదాకా వచ్చిన మాట మింగేసి, "నీ కూర తిన్నాక అలా అనే ప్రమాదం లేదులే" అని నవ్వేవాడు.

ఒక వారం పెద్దమ్మకే కడుపులో కుడిపక్క పోటు మొదలైంది. గ్యాసని వేడినీళ్లు తాగి పనిలోకి వస్తూనే ఉంది. మూడో రోజు పొద్దున అయిదో మంచం దగ్గర వంగినప్పుడు, తాడు తెగినట్టు ఆ పోటు ఆగిపోయింది. పక్కనే ఉన్న నర్సు ఆమె ముఖం చూసి, నొప్పి తగ్గిందా పెద్దమ్మా అని అడిగింది.

"హాయిగా ఉందమ్మా."

అన్నాక తన మాట తనకే వినపడింది. తిప్పుతున్న తలగడ చేతిలోనే ఉండిపోయింది. నర్సు ముఖంలో నవ్వు పోయింది. ఆ మాటకు అర్థం నేర్పింది పెద్దమ్మే మరి. మంచం మీది ముసలమ్మ ఏమీ తెలియక, "పోనీలే తల్లీ, నువ్వైనా సుఖంగా ఉన్నావు" అంది.

నర్సు డాక్టరుకు ఫోను చేసింది. స్ట్రెచరు వచ్చేలోగా పెద్దమ్మ ఆ తలగడను ముసలమ్మ తల కింద సర్ది, పక్కనున్న ఖాళీ మంచం అంచున కూర్చుంది. నుదుటి నిండా చెమట. తీసుకెళుతుంటే పెద్దమ్మ నర్సు చెయ్యి పట్టుకుంది.

"మా ఆయనకు కబురు చేస్తావుగా. ఎలా ఉందని అడుగుతాడు. నొప్పితో అరుస్తోందని చెప్పు తల్లీ. ఆయన్ని తిడుతోందని చెప్పు. ఆ మాట మాత్రం చెప్పకు."