రెండు వందల పన్నెండో పేజీ

విలియం మాస్టారిని ఏం అడిగినా జవాబు ఎడారిలోంచే వస్తుంది. తలనొప్పి అంటే, ఒంటెలవాళ్ళు తలపాగా ఎన్ని చుట్లు చుడతారో చెబుతాడు. పలాస బస్సు ఎప్పుడని అడిగితే, ఉప్పునేల దాటడానికి ఎన్ని రోజులు నడవాలో చెబుతాడు. ఈలోగా బస్సు వెళ్ళిపోతుంది.

టెక్కలిలో సోషల్ చెప్పి రిటైరై, వజ్రపుకొత్తూరు ఒడ్డున ఇల్లు కట్టుకున్నాడు. ఇంటినిండా ఎడారి సరిహద్దుల మీద పండితులు రాసిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలే. ఆయన మాత్రం ఒంటెని సర్కస్‌లో తప్ప చూడలేదు.

"సముద్రం ఎదురుగా ఎట్టుకుని ఎడారి సదువుతారేటి మాస్టారూ?" అనేది నీలవేణి, చేపల బుట్ట దించుతూ.

"రెండిట్లోనూ తాగడానికి నీళ్ళుండవు కదమ్మా," అనేవాడు తల ఎత్తకుండానే.

2003 చలికాలంలో మాత్రం నీలవేణికి ఆ మాటలకి నవ్వు రాలేదు. ఆమె మొగుడు లోకనాథం గుజరాత్ వేటకి వెళ్ళాడు. బోటు ఒడ్డు చేరగానే దాన్ని నడిపే తండేలు ఊళ్ళో ఉన్న బంగారయ్య ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసి ఏడుగురి క్షేమమూ చెప్పాలి. అది వాళ్ళ కట్టుబాటు. ఫోన్ రావలసిన రోజు దాటి తొమ్మిది రోజులైంది. పాకిస్తాన్ గస్తీవాళ్ళు పట్టుకుపోయారని ఒకరు, బోటే మునిగిందని ఇంకొకరు. నీలవేణికి ఏడో నెల. రెండు రోజులుగా మెతుకు ముట్టలేదు.

బూత్ ముందు ఏడుగురి పెళ్ళాలూ బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉంటే, మాస్టారు పుస్తకం చంకన పెట్టుకుని దిగాడు.

"మా గుండెలాగిపోతన్నాయి. ఇప్పుడు ఒంటెల గోలొద్దు బాబూ!" అని వాళ్ళలో జోగమ్మ కసిరింది.

"ఒంటెలు కాదమ్మా, గాలి." కళ్ళజోడు సర్దుకున్నాడు. "రెండు వందల పన్నెండో పేజీ. ఎడారి గాలి సముద్రం మీదికి తిరిగితే బోట్లు ఉప్పుటేరుల్లో తలదాచుకుంటాయిట. పదో రోజుకి గాలి తగ్గుతుందిట."

"పదో రోజంటే రేపే కదేటి!" నీలవేణి లేచి నిలబడింది.

"రేపే. ఈలోగా అన్నం తినమని కూడా రాశారు."

ఆ మాట పుస్తకంలో ఎందుకుంటుందని అడిగే ఓపిక ఎవరికీ లేదు. నీలవేణి ఇంటికెళ్ళి తింది.

పదో రోజు ఫోన్ రాలేదు. అందరూ మాస్టారి వైపు చూశారు.

"ఇంగ్లీషువాళ్ళు మొదటి రోజుని లెక్కెయ్యరమ్మా," అన్నాడు. పుస్తకం మాత్రం తెరవలేదు.

పదకొండో రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. తండేలు అందరి క్షేమమూ చెప్పి లోకనాథానికి ఇచ్చాడు.

"ఇంజిను సెడిపోనాదే. పక్కబోటు లాక్కొచ్చింది. ఏడుగురం బాగున్నాం. తిన్నావేటి?"

"మరి గాలో?"

"గాలేటి? సముద్రం పళ్ళెంలాగుంటేనూ!"

ఆ సంబరంలో మాస్టారు పుస్తకం బూత్‌లోనే మరిచిపోయాడు. నీలవేణి దాన్ని మాస్టారింటికి తీసుకెళ్ళి ఆయన కూతురు జెస్సీ చేత ఆ పేజీ చదివించింది.

"ఒంటెలకి గుర్తు తెలిసేలా వాతలెలా పెడతారో ఉందక్కా. గాలీ లేదు, బోటూ లేదు," అంది జెస్సీ. "నాన్నకే ఈ రెండు రోజులూ ముద్ద దిగలేదు."

నీలవేణికి కళ్ళనీళ్ళూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. వరండాలోకి వెళ్ళి పుస్తకం ఆయన ఒళ్ళో పెట్టింది.

"మాస్టారూ, నా పురుడికి మా మావొచ్చేత్తాడని ఇందులో రాసుందేటో సూడండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా పేజీలు తిప్పాడు.

"వస్తాడమ్మా. నూట నలభయ్యో పేజీ. పిల్లకి పేరేం పెట్టాలో ఆ తరవాతి పేజీలో ఉంది. ఇంకా చదవలేదు."