అక్క నాలుగో రౌండు

కానిస్టేబుల్ సెలెక్షన్లలో పదహారు వందల మీటర్లు పరిగెత్తాలి. పోయినసారి మా అక్క మొదటి రౌండు అందరికంటే ముందు పూర్తి చేసింది. ఇబ్బందల్లా రౌండ్లు నాలుగు కావడమే. మిగతా మూడూ అయ్యేసరికి టైము దాటిపోయింది. ఈసారీ పోతే వయసు దాటిపోతుంది, ఇక రానివ్వరు. ఇంట్లో ఈ సంగతి ఎవరూ పైకి అనేవారు కాదు. అందుకని రోజంతా అదే వినబడేది.

మాది మొగల్తూరు వైపు. మా ఊళ్ళో గ్రౌండు లేదు, కాలవ గట్టు ఉంది. తెల్లారకముందే అక్క గట్టు మీద పరిగెత్తేది. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న నేను పక్కన సైకిలు తొక్కేవాణ్ణి. మా వైపు ఎదురైన మనిషిని పలకరించకుండా వదలరు. బదులు చెప్పకుండా పోతే పొగరంటారు.

"ఏమ్మా, బస్సు తప్పిపోయిందా?"

"లేదండి, ప్రాక్టీసండి."

"అమ్మ కులాసాయేనా?"

"కులాసాయేనండి. చేపలమ్మకానికి వెళ్ళిందండి."

అక్కకో జబ్బుంది. ఎవరైనా చూస్తున్నారంటే చాలు, వేగం పెంచేస్తుంది. పలకరించినవాళ్ళ ముందు బాణంలా దూసుకుపోయి, మలుపు తిరిగాక నడుం పట్టుకుని నిలబడిపోయేది.

"అక్కా, పందెం మలుపు దాకే అయితే నీకు తిన్నగా ఎస్సై ఇచ్చేసేవారే" అన్నాను.

"నోరు మూసుకుని తొక్కరా."

ఒకరోజు కాలవ లాకు దగ్గర మా హైస్కూలు డ్రిల్లు మాస్టారు, రిటైరయ్యారు, ఇదంతా చూసి ఆపారు.

"అమ్మాయ్, పరిగెడుతూనే ఇంటిల్లిపాది క్షేమం తడబడకుండా చెప్పగలగాలి. మాట మధ్యలో తెగిందంటే వేగం ఎక్కువైనట్టు. మూడు రౌండ్లు అలాగే పోవాలి."

"నాలుగోదండీ?"

"అందులో దేవుడు పలకరించినా పలక్కు. చివరి గీత దగ్గర ఆగాలనుకోకు, గీత దాటాక ఆగాలనుకో."

పెద్ద పెద్ద ఆటగాళ్ళకి ఏ మిషన్లు పెట్టి కొలుస్తారో గానీ, మాకు గట్టు మీద జనం సరిపోయారు.

సెలెక్షన్ రోజు గ్రౌండు ఫెన్సింగు బయట నిలబడ్డాను. పక్కన ఇంకో అమ్మాయి తండ్రి. విజిలు ఊదగానే గుంపంతా ఉరికింది. అక్క వెనకబడింది.

"మీవాళ్ళెవరండి?" అని అడిగారాయన.

"చివర్లో వస్తున్నారు చూడండి, ఆవిడండి."

"అయ్యో" అన్నారు, పరామర్శకొచ్చినట్టు.

రెండో రౌండులో అక్క పెదాలు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటోందనుకున్నాను. మా ముందు నుంచి వెళ్తుంటే వినబడింది. "అమ్మ బాగుందండి. నాన్న చేపల వేటకెళ్ళారండి. తమ్ముడు ఖాళీయేనండి."

ఎవరూ అడగలేదు. అంతమంది చూస్తున్న చోట, ఎవరూ చూడనట్టు, తన లెక్కలో తను పోతోంది. నా పరువు కూడా పోయిందన్న సంగతి చాలాసేపటికి గానీ తట్టలేదు.

మూడో రౌండులో ముందున్నవాళ్ళు ఒక్కొక్కరే బరువెక్కారు. అక్క వేగం పెంచలేదు. వాళ్ళే వెనక్కి వచ్చి ఆమెకి అందుతున్నట్టుంది.

నాలుగోది మొదలవగానే నోరు మూసుకుంది.

అప్పటిదాకా నేను చూసిన అక్క వేరు. మోకాళ్ళు లేచాయి. పిడికిళ్ళు విచ్చుకున్నాయి. చివరి మలుపులో ఒంట్లో ఎక్కడ దాచుకుందో తెలియని బలమొకటి బయటికొచ్చింది. ఎర్రమట్టి ఆమె కాళ్ళ కింద నుంచి తనంతట తానే వెనక్కి జరిగిపోతోంది. గీత వచ్చింది. గీతని గమనించనట్టే దాటి అంతే వేగంతో ఇంకా ముందుకి పోయింది.

టైములోపు వచ్చిందో లేదో బయట ఉన్న మాకు తెలీదు. టైముకి అందినవాళ్ళని షామియానా వైపు, అందనివాళ్ళని గేటు వైపు పంపుతున్నారు. అక్క తిన్నగా గేటు వైపే నడిచింది. ఒక లేడీ కానిస్టేబులు వెనక నుంచి పరుగున వచ్చి భుజం పట్టుకుంది.

"ఎక్కడికమ్మా? అటు కాదు, ఇటు" అని షామియానా వైపు తిప్పింది.

అక్క వెళ్ళి అక్కడ కూలబడి, నీళ్ళు నెత్తిన పోసుకుంది. నేను ఫెన్సింగు పట్టుకుని అలాగే ఉండిపోయాను. పక్కాయన మెల్లగా నా భుజం తట్టారు.

"కాస్త జరుగుతారా బాబూ? మా అమ్మాయి ఇంకా రావాలండి."