చేత్తో తిప్పే లెన్స్

“అక్కా, ఇగ నువ్వు దుకాన్ల గూసోని పాస్‌పోర్టు ఫొటోలు తియ్యి. పెండ్లిళ్లకు నేను వోత,” అన్నాడు మా తమ్ముడు. కామారెడ్డిలో స్టూడియో ఇద్దరం కలిసే నడుపుతాం. నా ఎడమ కంట్లో పొర వచ్చిందని సాకు చెప్పాడు గానీ, వాడి కోపమంతా నా లెన్స్ మీదే.

అది రీలు కెమెరా నాటిది. ఆ కెమెరా పోయింది, లెన్స్ మిగిలింది. మధ్యలో ఒక ఇనుప రింగు పెట్టి కొత్త డిజిటల్ కెమెరాకి బిగిస్తే, లెన్సే లేదని తెర మీద చూపిస్తుంది. చేతిలో అంత బరువుంటే లేదంటుందా! సెట్టింగుల్లోకి పోయి దాని నోరు మూయించాను. ఫోకస్ మాత్రం దానంతట అది కుదరదు, వేళ్లతో తిప్పాల్సిందే.

“నువ్వు తిప్పేలోపు పెండ్లి అయిపోతది. ఎల్లారెడ్డిల పెండ్లికి గా డబ్బా దెస్తే నువ్వు రాకు,” అనేశాడు.

నాకు ఒళ్లు మండింది. పెళ్లయ్యేదాకా బీడీలు చుట్టినదాన్ని. తునికాకులో తంబాకు పోసి చుట్టేటప్పుడు వేళ్లవైపు ఎవరు చూస్తారు? ముచ్చట్లాడుకుంటూనే కట్టలు కట్టేవాళ్లం. ఆ వేళ్లకు రింగు తిప్పడం రాదా? కన్ను మసకబారితే వేళ్లూ మసకబారతాయా? వాడు కారులో పోయాడు. నేను కెమెరా సంచి భుజాన వేసుకుని ఎల్లారెడ్డి బస్సెక్కాను.

మంటపం దగ్గర నన్ను చూసి పళ్లు కొరికాడు. పెళ్లివాళ్ల ముందు ఏమనగలడు?

తలంబ్రాల వేళయింది. ఇప్పుడు బియ్యంలో రంగురంగుల థర్మాకోల్ గుండ్లు కలుపుతున్నారు కదా, దోస్తులు పిడికిళ్లతో చల్లుతుంటే గాలి నిండా అవే. నేను ముందే మెట్టు మీద నిలబడి, పెళ్లికూతురి కళ్లకు ఫోకస్ కుదిర్చి రింగు వదిలేశాను. పీటల మీద కూర్చున్నవాళ్లు ఎక్కడికి పోతారు? పొద్దుటినుంచి తల ఎత్తని పిల్ల, పళ్లెం మొత్తం పెళ్లికొడుకు నెత్తిన బోర్లించి పకపకా నవ్వింది. నొక్కాను.

మూడోరోజు ఆ పిల్ల తల్లి స్టూడియోకి వచ్చింది. “నా బిడ్డె నవ్విన ఫొటో జూపెట్టుండ్రి. గదొక్కటి ఉంటే చాలు,” అంది.

తమ్ముడు తన ఫొటోలన్నీ వెతికాడు. తనంతట తానే ఫోకస్ కుదుర్చుకునే వాడి కెమెరా, ముందర ఎగిరిన గుండ్లనే పట్టుకుంది. ఆకుపచ్చ గుండు స్పష్టంగా ఉంది, వెనక పిల్ల మొహం అలికేసినట్టుంది.

“కెమెరాది తప్పు,” అని గొణిగాడు. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే!

నావి తెరిచాను. నావాటిలోనూ చెడిపోయినవి బోలెడు, దాచడమెందుకు? అప్పగింతలు మొత్తం మసకే. కానీ ఆ నవ్వు పలువరుసతో సహా ఉంది. ఆ తల్లి తెరను చేత్తో తడిమింది. “చిన్నగున్నప్పుడు గిట్లనే నవ్వేది,” అంది. నా కళ్లు నిండాయి. పొర ఉన్న కన్ను కూడా.

ఆమె వెళ్లాక తమ్ముడు శుభ్రంగా ఉన్న కౌంటర్‌నే మళ్లీ మళ్లీ తుడిచాడు.

“అక్కా, బీబీపేట పెండ్లికి గా లెన్స్ నాకియ్యరాదు?”

“ఇయ్య,” అన్నాను. “లెన్స్ గావాలంటే నన్ను గూడ తోల్కపోవాలె. కారుల, ముంగట సీట్ల.”